విప్పడానికి వీలుగా చేసిన వాద్యం

వెనక్కి తిప్పి చూస్తే ఒక ఉక్కు బిళ్ల, దాని నాలుగు మూలల్లో నాలుగు స్క్రూలు. నెక్‌నూ బాడీనీ పట్టి ఉంచేవి ఆ నాలుగే. ఎక్కడా జిగురు లేదు. బొబ్బిలి వీణను దగ్గరగా చూసిన కంటికి ఇది మొదట్లో మోటుగా తోస్తుంది. ఏకాండి వీణలో కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే పనస మొద్దులోంచి తొలిచి తీయాలి. అతుకు లేకపోవడమే అక్కడ గొప్ప. ఈ బేస్ గిటార్ మాత్రం అతుకును దాచుకోదు సరికదా, స్క్రూడ్రైవర్‌తో రమ్మని పిలుస్తుంది. దీనితో కాపురం చేస్తున్న కొద్దీ నాకు అర్థమైంది, దీని పనితనమంతా ఆ పిలుపులోనే ఉందని.

బాల్కొండ పక్కన ముప్కాల్‌లో మా ఇంటి గోడకు వేలాడుతున్నది స్క్వయర్ క్లాసిక్ వైబ్ '60s ప్రెసిషన్ బేస్. ఫెండర్ కంపెనీ తన 1960ల నమూనాను తక్కువ ధరలో ఇండోనేషియాలో చేయిస్తున్న ప్రతిరూపం. నిజంగా ఆనాడే తయారైన బేస్ కావాలంటే కారు కొనేంత డబ్బు పెట్టాలి. పెట్టి కొన్నాక దాన్ని వాయించడం మానేసి కాపలా కాయాలి. నాకు ఆ ఉద్యోగం వద్దు.

అసలు నమూనా గీసిన లియో ఫెండర్ సంగీతకారుడు కాడు, గిటార్ వాయించడం ఆయనకు రాదు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్న మనిషి. రిపేరు చేసేవాడికి ఒక బుద్ధి ఉంటుంది: ఏ వస్తువును చూసినా రేపు ఇది పాడైతే ఎక్కడినుంచి విప్పాలి అని ఆలోచిస్తాడు. ఆ రోజుల్లో బేస్ అంటే మనిషికన్నా ఎత్తైన డబుల్ బేస్. మోయడం కష్టం, డ్రమ్ముల హోరులో వినపడదు, వీణ మెట్లలాంటి ఫ్రెట్లు లేవు కాబట్టి వేలు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది. 1951లో లియో దాన్ని 34 అంగుళాల స్కేలుకు, అంటే తీగ మోగే పొడవుకు, కుదించాడు. ఫ్రెట్లు వేశాడు, గిటార్‌లా మెడకు తగిలించుకునేలా చేశాడు, పికప్ పెట్టాడు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ బేస్‌లకు ఆ 34 అంగుళాలే కొలత. సంగీతం రాని మనిషి ఒక వాద్యాన్ని మొదటిసారే ఇంత సరిగ్గా కొలవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

కర్ర సంగతికొస్తే, ఇక్కడ మనకు చుట్టరికం ఉంది. పాత ప్రెసిషన్‌లకు 1959 నుంచి ఫింగర్‌బోర్డు, అంటే వేళ్లు నొక్కే పలక, రోజ్‌వుడ్. మన జిట్రేగి కూడా ఆ జాతిదే. 2017 జనవరిలో ఆ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షల్లోకి తెచ్చారు, సరిహద్దు దాటాలంటే అనుమతి కాగితాలు తప్పనిసరయ్యాయి. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు వచ్చేలోగా కంపెనీలు వేరే కర్రలు వెతుక్కున్నాయి. స్క్వయర్ ఎంచుకున్నది ఇండియన్ లారెల్, అంటే మన నల్లమద్ది. నిర్మల్, ఆదిలాబాద్ అడవుల్లో టేకు పక్కనే, మొసలి తోలులా పగిలిన బెరడుతో నిలబడి ఉండే చెట్టే. నా బేస్‌లోని పలక ఏ అడవిదో కర్రకే తెలియాలి. రోజ్‌వుడ్ కన్నా దీని రంగు కాస్త పలచన, రంధ్రాలు కాస్త పెద్దవి. పాత వాద్యాల మోజున్నవాళ్లు దీన్ని తక్కువ చేసి మాట్లాడతారు. వేలికి మాత్రం ఆ తేడా తెలియదు.

వేసవికి తెలుస్తుంది. మే నెలలో గాలిలో తేమ పోయి ఈ పలక సన్నగా కుంచించుకుంటుంది. లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు కదా, వాటి చివరలు అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. సన్నటి ఆకురాయితో ఆ చివరలను రాసి, పలకకు కాస్త నూనె పట్టిస్తే సరి. వానలు మొదలయ్యాక కథ మారుతుంది: మేపుల్ నెక్ తేమ పీల్చుకుని కదులుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి ఎత్తుగా లేస్తాయి. నాలుగు తీగలూ కలిసి ఆ నెక్‌ను సుమారు 75 కిలోల బలంతో లాగుతుంటాయి. దానికి ఎదురు నిలబడేది లోపల దాగిన ఒక ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్. దాని నట్టును పావు చుట్టు తిప్పితే చాలు, నెక్ నిటారుగా వస్తుంది. పాతవాటిలో ఆ నట్టు నెక్ మొదట్లో ఉండేది, వెనక నాలుగు స్క్రూలూ విప్పితే గానీ అందేది కాదు. ఇప్పుడు చాలావాటికి తల దగ్గరే పెడుతున్నారు. ఈ ఒక్క విషయంలో పాతదే గొప్ప అనే వాదం నేను ఒప్పుకోను.

మెచ్చుకోవలసిన పని ఇంకొకటి పికప్‌లో ఉంది. తీగల కింద ఒకే పెట్టె బదులు, ఒకటి పైకీ ఒకటి కిందికీ జరిపినట్టు రెండు ముక్కలు కనిపిస్తాయి. 1957లో వచ్చిన మార్పు ఇది. ఒక్కో ముక్క రెండేసి తీగలను వింటుంది. ఒక్కో తీగకు రెండేసి అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ 0.063 మిల్లీమీటర్ల మందం రాగి తీగ, సుమారు పదివేల చుట్లు. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్న విద్యుత్ పుడుతుంది, అంతే. అసలు తెలివి ఆ రెండు ముక్కల సంబంధంలో ఉంది. రెండింటి అయస్కాంతాల దిక్కు వేరు, చుట్టిన తీరూ తిరగబడి ఉంటుంది. బయటినుంచి వచ్చే కరెంటు గుంయ్‌మనే మోత రెండు చుట్టల్లోనూ పడుతుంది, కానీ ఒకదానిలో పడింది రెండోదాన్ని కొట్టేస్తుంది. తీగ శబ్దం మాత్రం ఏ ముక్కది ఆ ముక్కలోనే పుడుతుంది కాబట్టి చెక్కుచెదరదు.

ఇది ముప్కాల్‌లో ఎంత అవసరమో నాకు తెలుసు. చుట్టూ బోరు మోటర్లు, స్టార్టర్లు, ఎర్తింగ్ ఉందో లేదో చెప్పలేని ప్లగ్గులు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ అడుగు తీగ 41.2 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, దాని పై తీగ 55 దగ్గర. అడుగు తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కితే వచ్చే జి స్వరం 49. అంటే మన దేశపు కరెంటు మోత సరిగ్గా బేస్ మాట్లాడే చోటే, దాదాపు జి స్వరంలో కూర్చుని ఉంటుంది. లీడ్ గిటార్‌కు అది పక్కింటి గోల, బేస్‌కు సొంతింట్లో గోల. జాజ్ బేస్‌ను, 1960లో వచ్చిన దీని తమ్ముణ్ని, ఇదే ప్లగ్గుకు తగిలించి దాని రెండు పికప్‌లలో ఒకదాని వాల్యూమ్ మాత్రమే తెరిస్తే మోతను కొట్టేసే జోడీ ఉండదు, తేడా క్షణంలో తెలిసిపోతుంది.

ఒకసారి పిక్‌గార్డ్ విప్పి ఉన్నప్పుడు మోటర్ వైండింగ్ చేసే మిత్రుడొకరు చూశారు. ఆయనకు ఏమీ వివరించాల్సిన పని పడలేదు. "గిది మా కాయిలే గదన్నా, గింత సన్నం వైరు మాత్రం మా దగ్గర దొరకదు" అన్నారు. ఫుల్లర్టన్ రేడియో మెకానిక్‌కూ ఈయనకూ మధ్య భాష అడ్డం రాలేదు.

లోపాలు లేవని కాదు. పాతకాలపు పలచటి నైట్రోసెల్యులోజ్ పూతకు బదులు మందపాటి పాలియురేథేన్ మెరుపు, గోరు పెట్టి తడితే ప్లాస్టిక్ చప్పుడు వస్తుంది. బ్రిడ్జ్ ఒక వంచిన రేకు. దానిమీద తీగలు ఆనే, మర గాడులున్న నాలుగు శాడిల్స్, ఒక్కోదానికీ ఎత్తు సర్దే రెండు చిన్న మరలు. ఆ మరలు చెమటకు తుప్పు పడతాయి, గట్టిగా మీటితే తీగ ఒక గాడిలోంచి పక్క గాడిలోకి జారుతుంది. తల వెనక శ్రుతి మీటల పళ్లచక్రాలకు మూత లేదు. పసుపు పాలిష్ పట్టే రోజుల్లో మా ఊళ్లో దుమ్ము ఎక్కడ చేరదు కనుక? పాత టూత్‌బ్రష్, ఒక్క చుక్క మెషిన్ ఆయిల్. అయినా, మూత లేదు కాబట్టే దుమ్ము కనిపిస్తుంది, కనిపిస్తుంది కాబట్టే తుడుస్తాం.

బేస్ ఏం చేస్తుందో వినపడదనేవాళ్లకు ఇళయరాజా పాటలు పెట్టి చూపించాలి. శశిధరన్ వాయించిన ఆ బేస్ వరుసలు పల్లవి కింద ఊరికే తాళం వేయవు, తమ సొంత రాగం పాడుకుంటూ నడుస్తాయి. సెల్‌ఫోన్ స్పీకర్‌లో అవి సగం పోతాయి. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తెలిసిన పాట కింద తెలియని పాట ఇంకొకటి బయటపడుతుంది. బరాత్ డీజేల్లో గుండెలదిరేలా మోగేది చాలావరకు మిషన్ బేస్, దాని మోతతో దీన్ని పోల్చకూడదు.

ఈ వాద్యం నుంచి అందరికన్నా ఎక్కువ పిండుకున్న మనిషి డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీకి వాయించిన జేమ్స్ జేమర్సన్. 1962 ప్రెసిషన్, ఒకే చూపుడు వేలు, పైన నున్నగా చుట్టిన లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు. బ్రిడ్జ్ దగ్గర మూత కింద స్పాంజి ముక్క ఉండేది, స్వరం సాగకుండా దబ్ మని ఆగేది. అలా ఆగడంవల్లే పక్కవాడికి చోటు దొరికింది.

నేనూ ఫ్లాట్‌వౌండ్‌లే వేశాను. రౌండ్‌వౌండ్ తీగల గరగర, తళతళ రెండూ నాకు అక్కర్లేదు, వేళ్లకూ ఫ్రెట్లకూ అరుగుదల తక్కువ. స్పాంజికి పాత పరుపులోంచి కోసిన ముక్క సరిపోయింది, ఎత్తు కుదరక మొదట స్వరం మరీ చచ్చిపోతే ఇంకాస్త చెక్కాను. కరెంటు పోయినప్పుడు యాంప్ ఉండదు. అప్పుడు బాడీ పై కొమ్మును చెక్క తలుపుకు ఆనించి వాయిస్తే తలుపే పెట్టెలా మోగుతుంది, సాధనకు అది చాలు. ఫ్లాట్‌వౌండ్ సెట్టు మామూలు వాటికన్నా బాగా ఖరీదు, నిజామాబాద్‌లో నాకు దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. అయితే ఇవి ఏళ్లతరబడి ఆగుతాయి కాబట్టి మళ్లీ తెప్పించే తొందర ఇప్పట్లో లేదు.