తెలుగు చలనచిత్రములలో పానవ్యసనము, మనోవ్యాధి: ఒక పరిశీలనము

ఒక చిత్రము జనహృదయమున ఎంత లోతుగా నాటుకొన్నదో తెలిసికొనుటకు ప్రజల పలుకుబడియే మంచి కొలబద్ద. కనకమ్మ సత్రము, తిరుత్తణి ప్రాంతములందు త్రాగి తిరుగువానికి తెలుగువారును తమిళులును పెట్టు పేరు ఒకటే: ‘దేవదాసు’. ఒకనాడు తరగతిలో ఒక పిల్లవానిని తోడివారు ‘దేవదాసు కొడుకు’ అని ఎగతాళి చేయుట వింటిని. ఆ పేరునకు మూలమైన చిత్రమును, అట్టివి మరి కొన్నింటిని మరల పరిశీలింపవలెనని నాడే తోచినది.

శరత్‌బాబు బెంగాలీ నవల 1917లో వెలువడినది. దానిని 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున తెలుగు, తమిళములు రెండింటను చిత్రముగా తీసిరి. అక్కినేని నాగేశ్వరరావుగారు దేవదాసు, సావిత్రిగారు పార్వతి. కథను నిదానించి చూచినచో నాయకుని పతనమునకు మూలము ప్రేమ కాదు, అధైర్యము. పార్వతి రాత్రివేళ తానై వచ్చి అడిగినను, తండ్రికిని అంతస్తునకును వెరచి అతడు వెనుదీసెను. చిత్రము ఈ దోషమును దాచలేదు. త్రాగుడువలన శరీరము శిథిలమగుటను గూడ చూపినది. కాని సుబ్బరామన్‌గారి సంగీతము, ఘంటసాలగారి గళము ఆ పానమునకు వేదాంతగాంభీర్యమును కూర్చినవి. ప్రేక్షకులు దగ్గును మరచి పాటను జ్ఞాపకముంచుకొనిరి. త్రాగుడు నాటినుండి ప్రేమకు ప్రమాణమైనది.

తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరిన 1960వ సంవత్సరముననే గుత్తా రామినీడుగారి ‘చివరకు మిగిలేది’ వెలువడినది. దీనికి మూలము 1959 నాటి బెంగాలీ చిత్రము ‘దీప్ జ్వేలే జాయ్’. ఇందు సావిత్రిగారు మనోవ్యాధుల ఆసుపత్రిలో నర్సు. ప్రేమభంగమున మతి చలించిన రోగికి ప్రేమను నటించి నయము చేయుట ఆమెకు అప్పగించిన పని. రోగులు కోలుకొందురు, చివరకు ఆమెయే రోగియగును. ప్రేమయే వ్యాధికి కారణము, ప్రేమయే ఔషధమనుట వైద్యమునకు దూరమైన కల్పనయే. అయినను సేవచేయువారి మనస్సునకు గూడ గాయమగునని చూపిన ఈ చిత్రము, తాను చెప్పిన చికిత్సను తానే ప్రశ్నించినది. ఆ సాహసము తరువాతి చిత్రములలో అరుదు.

2017లో వచ్చిన సందీప్ రెడ్డి వంగాగారి ‘అర్జున్ రెడ్డి’లో నాయకుడు స్వయముగా శస్త్రవైద్యుడు. త్రాగి శస్త్రచికిత్స చేసి అతడు వృత్తిని కోల్పోవుటను దర్శకుడు నిర్మొగమాటముగా చూపెను. కాని నానమ్మ మరణానంతరము అతడు చికిత్స లేకయే మారిపోవును. దీర్ఘకాలము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము గూడ కలదు. మానుటకు సంకల్పమెంత అవసరమో వైద్యుని పర్యవేక్షణయు అంత అవసరము. ఇది తెలియని ఇల్లాలు ‘మనసుంటే మానడా’ అని భర్తను నిందించి, పిదప తన్ను తానే నిందించుకొనును.

హాస్యఘట్టముల సంగతి వేరు. తెలుగున ‘ఎర్రగడ్డ’, తమిళమున ‘కీళ్పాక్కం’ అనగానే నవ్వు పుట్టును. కీళ్పాక్కములోని మానసిక చికిత్సాలయపు చరిత్ర 1794లో మొదలైనది. రెండు శతాబ్దములకు మించి రోగులకు ఆశ్రయమిచ్చిన చోటు తిట్టుగా మారినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి గౌరవముగా చికిత్స పొందు హక్కు నిచ్చినది. కాని ఆసుపత్రి పేరే అవమానమైనచోట ఆ గడప తొక్కుటకు ఎవరు సాహసింతురు?

మన చిత్రములు వ్యాధికి ముందున్న ప్రేమను చూపినవి, వెనుకనున్న మరణమునో పునస్సమాగమమునో చూపినవి. నడుమనుండు దీర్ఘకాలమును, అనగా చికిత్సను, మరల జారుటను, మరల లేచుటను, దానిని మోయు తల్లిని, భార్యను, బిడ్డను చూపుట చాల తక్కువ. ఆ లోటు పూరించు కథ తెలుగున రావలెను. అంతవరకు మాటనైనను మనము దిద్దుకొనవలెను. నాడు తరగతిలో నేను చెప్పినది ఇంతే: ఇతని తండ్రికి జబ్బు చేసినది, జబ్బు చేసినవారిని పేరు పెట్టి నవ్వరాదు.