నిందలో దాగిన ప్రశంస: ధమ్మపదంలోని ఒక శ్లేషగాథ

ధమ్మపదంలోని 423 గాథలలో అరహంతవగ్గానికి చెందిన 97వ గాథ వినేవారిని ఉలిక్కిపడేట్టు చేస్తుంది. అందులో వరుసగా అయిదు విశేషణాలు ఉన్నాయి. పైపైన వింటే అయిదూ తిట్లే. గాథ మాత్రం అటువంటివాడినే పురుషోత్తముడంటుంది.

చమత్కారమంతా పదాలను విరిచే తీరులో ఉంది. ‘అకతఞ్ఞూ’ అన్న మాటను ‘అ’ తరువాత విరిస్తే, చేసిన మేలు ఎరుగని కృతఘ్నుడు. ‘అకత’ తరువాత విరిస్తే, ఎవరిచేతా చేయబడని నిర్వాణాన్ని ఎరిగినవాడు. ‘వంతాసో’ కక్కిన కూడు తినేవాడూ కావచ్చు, ఆశలను కక్కివేసినవాడూ కావచ్చు. ‘సంధిచ్ఛేదో’ లోకవ్యవహారంలో గోడకు కన్నం వేసే దొంగ. ధర్మపరంగా సంసారపు అతుకులను తెంచినవాడు.

శ్లేష మన సాహిత్యానికి కొత్త కాదు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథనూ భారతకథనూ చెబుతుంది. అక్కడ రెండు అర్థాలూ సమానంగా నిలుస్తాయి. ఇక్కడ రెండవ అర్థం తోచగానే మొదటిది కూలిపోతుంది. దానితోపాటు వినేవాడి తొందరపాటు తీర్పు కూడా కూలుతుంది. అట్ఠకథ చెప్పే సందర్భమూ ఇటువంటిదే. బుద్ధుడు అడిగిన ప్రశ్నకు సారిపుత్తుడు, ఈ విషయంలో తాను భగవానునిపై శ్రద్ధతో నడవడం లేదని బదులిస్తాడు. భిక్షువులు దానిని అవిశ్వాసమని నిందిస్తారు. స్వయంగా తెలుసుకున్నవాడికి పరుల మాటపై నమ్మికతో పనిలేదన్నది అతని భావం. మొదటి విశేషణమైన ‘అస్సద్ధో’లోని మర్మం ఇదే. మాట విని మనిషిని తూచిన ఆ భిక్షువుల పొరపాటునే గాథ మనచేతా చేయిస్తుంది.

కనుక, అపార్థానికి వెరచి మంచి అర్థాన్ని మాత్రమే ఇచ్చే అనువాదం నిజమే చెబుతుంది, కాని గాథ చేసే పనిని చేయదు. పారాయణ చేసే ఉపాసకుడు తికమకపడకూడదన్న జాగ్రత్త న్యాయమైనదే. దానికి టీక చాలు. మూలాన్ని చదును చేయనక్కరలేదు.

ఈ పనిలో తెలుగుకు కొంత లాభమూ కొంత నష్టమూ ఉన్నాయి. ‘అకృతజ్ఞుడు’ అంటే రెండు విరుపులూ చెక్కుచెదరవు. కాని ‘అశ్రద్ధ’ అంటే నేడు మనకు నిర్లక్ష్యమే స్ఫురిస్తుంది, అవిశ్వాసం కాదు. ‘నమ్మికతో పనిలేనివాడు’ అంటే ఆ ద్వంద్వాన్ని కొంతవరకు నిలుపుకోవచ్చు. ‘సంధిచ్ఛేదం’ అనగానే దొంగకు బదులు వ్యాకరణ పాఠం గుర్తుకు వస్తుంది. ‘కన్నగాడు’ అంటే దొంగ ఒక్కడే మిగులుతాడు. అక్కడ మూలపదాన్నే ఉంచి, కింద రెండు అర్థాలనూ, తిట్టును ముందుగా, వ్రాయడమే మేలు.