ఆంగ్లమున దోషవాచకములు

ఆంగ్లభాషలో దోషమును దెలుపు పదములు పెక్కు గలవు. ఎర్రర్, మిస్టేక్, లాప్స్, రాంగ్, ట్రెస్పాస్, క్రైమ్, నెగ్లిజెన్స్ మొదలగునవి వానిలోఁ గొన్ని. మన పాఠశాలలలో వీని యర్థమును జెప్పునప్పుడు తప్పు, నేరము, దోషము, అపరాధము అను నాలుగు మాటలనే త్రిప్పి త్రిప్పి వాడుచున్నాము. ఎర్రర్ అన్నను తప్పే, మిస్టేక్ అన్నను తప్పే. బాలుఁడు రెండును నొకటియే యని నమ్మి ముందునకుఁ బోవును. ఈ పదములు పర్యాయములు కావనియు, ఒక్కొక్కటి నింద నెవరిపై నెంతవఱకు మోపవలెనో సూచించుననియు, ఆ భేదమును విడిచిన భాషాంతరీకరణమువలన న్యాయమునకే లోపము వాటిల్లుననియుఁ జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట వ్యుత్పత్తులను బరిశీలింతము. ఎర్రర్ అనునది లాటిన్ భాషలో దారి తెలియక తిరుగుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. ట్రాన్స్‌గ్రెషన్ అనఁగా హద్దు దాఁటి యడుగిడుట. ఫ్రెంచి ద్వారమున వచ్చిన ట్రెస్పాస్ అనఁగా దాఁటిపోవుట. లాప్స్ అనఁగా జాఱుట. రాంగ్ అనునది మెలివెట్టుట యను నర్థముగల మాటకుఁ జుట్టము. న్యాయశాస్త్రమున వాడు టార్ట్ అనునదియు మెలి పడినది యను లాటిన్ పదమునుండి వచ్చినదే.

ఈ భావము లన్నియు మనకును గలవు. వ్యతిక్రమము, ఉల్లంఘనము, స్ఖాలిత్యము అనునవి యడుగునకు సంబంధించినవి. వృజినశబ్దమునకు వంకర యనియుఁ బాప మనియు రెండర్థములు. బాణము గుఱి తప్పినవానిని అమరసింహుఁడు అపరాద్ధపృషత్కుఁ డన్నాఁడు. అపరాధశబ్దముయొక్క మూలభావ మందుఁ దెలియుచున్నది. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున వాడిన హమార్తియా యను గ్రీకుపదమునకును గుఱి తప్పుటయే మూలార్థము. దారి తప్పుట, అడుగు తప్పుట, మాట తప్పుట యను పలుకుబడులలో మన తెలుఁగు తప్పును ఆ కోవకే చేరుచున్నది. ఈ సామ్యమునుబట్టి యొకరినుండి యొకరు గ్రహించిరని చెప్పరాదు. నడచువాఁడు జాఱుటయు, విలుకాఁడు గుఱి తప్పుటయు నెల్ల దేశములయందును గలవు.

అయినను ఉపమానము లొక్క తీరుననున్నంత మాత్రమున నింద యొకటి కాదు. దారి తెలియక తిరిగినవాఁడు వేఱు. దారి తెలిసియుఁ గాలు జాఱినవాఁడు వేఱు. కంచెను జూచియు దాఁటినవాఁడు వేఱు. 1967లో పిట్ కార్డర్ అను భాషాశాస్త్రజ్ఞుఁడు విద్యార్థుల దోషములను గూర్చి వ్రాసిన వ్యాసమున నిట్టి భేదమునే బోధనకు వినియోగించెను. నియమము నెఱుఁగకపోవుటచే మాటిమాటికిఁ జేయునది ఎర్రర్. ఎఱిఁగియుఁ దొందరచేతనో మఱపుచేతనో దొరలునది మిస్టేక్. బాలుఁడు శకటరేఫము వ్రాయవలసినచోట నొక్కమాఱు సాధురేఫము వ్రాసెనేని జ్ఞాపకము చేసినఁ జాలును. ప్రతిచోటను వ్రాసెనేని మరల బోధింపవలెను. రెండింటికి నొకటే యెఱ్ఱగీఁత గీచిన యుపాధ్యాయుఁడు తన పనిని సగము విడిచినవాఁ డగును.

ఈ విభాగము మనకుఁ గ్రొత్త కాదు. భ్రమ, ప్రమాదము, విప్రలిప్స, కరణాపాటవము అని మన శాస్త్రములయందుఁ బురుషదోషములు నాలుగుగాఁ జెప్పఁబడినవి. భ్రమశబ్దమునకును మూలము తిరుగుటయే. ఎర్రర్ అనుదాని కింతకంటెఁ దగిన పదము దొరకదు. విప్రలిప్స యనఁగా మోసగింపఁగోరుట. కరణాపాటవ మనఁగా నింద్రియముల యసమర్థత. ఇఁక ప్రమాద మనఁగా నేమఱుపాటు. నాలుగింటిలో నింద విప్రలిప్సయందు సంపూర్ణము, కరణాపాటవమునందు శూన్యప్రాయము, ప్రమాదమునందు మధ్యమము.

చట్టమున నీ విచక్షణము మఱింత యావశ్యకము. క్రైమ్ అను పదమునకు మూలమైన లాటిన్ మాటకు అభియోగ మని యర్థము. కావున నిందను దూచి మోపుట యా పదముతోడనే పుట్టినది. 1860 నాఁటి భారత శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై 1వ తేదినుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు, తలఁచి చంపుటను అజాగ్రత్తచేఁ జావు గలిగించుటను వేఱువేఱు నేరములుగానే నిలిపినవి. రెండవది న్యాయసంహితలో 106వ విభాగమునఁ గలదు. అందలి నెగ్లిజెన్స్ అను పదమునకు సరియైన సంస్కృతశబ్దము ప్రమాదమే. అమరకోశము దానికి అనవధానతను బర్యాయముగాఁ జెప్పినది. తాళపత్రప్రతులను బరిష్కరించు పండితులు లేఖకప్రమాద మని వ్రాయునపుడు లేఖకునికి వచ్చిన యాపద యని గాదు గదా! వాని యేమఱుపా టనియే వారి యభిప్రాయము.

కాని నేఁటి వాడుకలో ప్రమాద మనఁగా నాపద, లేదా యాక్సిడెంట్. ఆ యాంగ్లపదమునకు మీఁదఁ బడుట యని మూలార్థము. ఏమఱినవానిని జూపవలసిన మాటయే యిట్లు వాని యేమఱుపాటును గప్పిపుచ్చు మాట యైనది. బండి నడపువాఁడు నిద్రమత్తులో నొకనిఁ ద్రొక్కించినను రోడ్డుప్రమాదమే. కొండచఱియ విఱిగిపడి బాటసారి మడిసినను రోడ్డుప్రమాదమే. చచ్చినవాని కుటుంబమునకు రెండు నొకటి కావు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్, నివారింపఁదగిన గాయములను విధికృతములవలెఁ జూపుచున్నదని యాక్సిడెంట్ అను మాటను దన పుటలనుండి తొలఁగింప నిశ్చయించెను. పదముల విషయమున నంతటి జాగరూకత వైద్యులకే యుండఁగా భాషాసేవకులకు లేకుండుట తగునా?

యోగముకంటె రూఢి బలీయ మని కొంద ఱాక్షేపింతురు. అది సత్యమే. ప్రమాదశబ్దమును మరల వెనుకటి యర్థమునకు మరల్చుట యెవరి తరమును గాదు. నే నట్లు కోరుటయు లేదు. అది పోయిన చోటును నింపవలె నని మాత్రమే నా మనవి. చూడక చేసినదానికి ఏమఱుపాటు, చూచియు లెక్కసేయనిదానికి నిర్లక్ష్యము, దారి తెలియనిదానికి భ్రమ, హద్దు నెఱిఁగి దాఁటినదానికి ఉల్లంఘనము అని వాడిన సరిపోవును. ఇవి యన్నియు బాలురకును దెలిసిన మాటలే. తప్పు అను మాట యింటిలోఁ జాలును; బడిలోను న్యాయస్థానములోను జాలదు. విజ్ఞులు విచారింతురు గాక.