పలుకు పోయిన పిదప

అమెరికాలోని శ్వేతజాతీయులలో అనేకులు తమ తాత యూరపునందే దేశమునుండి వచ్చెనో యెరుగుదురు. ఆతని భాషలో నొక్క వాక్యమైనను పలుకనేరరు. ఈ లోప మెట్లు కలిగెనో తెలియగోరువారు ఓ. ఇ. రోల్వాగ్ నవలాత్రయమును చదువవలెను.

రోల్వాగ్ 1876లో నార్వేయందు జన్మించి, 1896లో అమెరికాకు వలసపోయి, మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాలలో నార్వే భాషను బోధించెను. ఈ కథ డకోటా మైదానమునకు సంబంధించినదయ్యు, మొదట నార్వే భాషలో వ్రాయబడి, 1924, 1925 సంవత్సరములలో నార్వేయందే ప్రకటింపబడెను. 1927లో ‘జెయింట్స్ ఇన్ ది ఎర్త్’ అను పేరున ఆంగ్లమున వెలువడెను.

ప్రథమ భాగమున పెర్ హాన్సా బీడునేలను సాగుచేసి, తుదకు మంచుతుపానులో ప్రాణము గోల్పోవును. కుమారుడైన పెడెర్‌కు అతడు ‘విజయి’ యనియు పేరిడెను. రెండవ భాగమున ఆ బాలుడు బడిలో ఆంగ్లము నేర్చి, తల్లి బేరెట్ భాషను భారముగా నెంచును. ఆమె శాసించును, బడి మార్చును, ఫలము శూన్యము. రచయిత బిడ్డను దూషింపడు, తల్లిని దేవతను చేయడు. ఉపాధ్యాయుడనగుటచే నీ ఘట్టము నన్ను మిక్కిలి కలచినది. మందలించి నేర్పిన పాఠము నోట నుండును గాని గుండెకు దిగదు.

దోషము తల్లిదండ్రులదే యనరాదు. 1918లో అయోవా రాష్ట్ర గవర్నరు బడులలో, సభలలో, ఆరాధనలలో, తుదకు టెలిఫోను సంభాషణలలో సైతము ఆంగ్లేతర భాషలను నిషేధించెను.

గ్రంథమున నొక కొరత కలదు. పెర్ హాన్సా నేలలో నొక ఇండియను సమాధి యున్నది. రచయిత దానిని చూపును గాని అందు నిద్రించువారి కథ చెప్పడు. తన వేరు తెగెనని దుఃఖించువాడు, తాను నాటుకొన్న చోట పెకలింపబడిన వేళ్లను తలపకుండుట న్యాయమా?

ఆ వలసదారుల మనుమలలో అనేకులు నేడీ గ్రంథమును ఆంగ్లముననే చదువవలసినవారు. భాష పోవుచున్నదని విలపించిన గ్రంథమునకే యీ గతి పట్టినది! వారికి మిగిలినవి ఇంటిపేరును, పండుగనాటి వంటకమును. ఆ వెలితిని వర్ణగర్వముతో నింపుకొనుట సులభము, అనర్థదాయకము. తెలుపు చర్మపు రంగు. దానికి పాట లేదు, సామెత లేదు. తాత పలుకును మరల నభ్యసించుట కష్టమే. అయినను అది చేయదగిన పని. అమెరికాలో బిడ్డలను పెంచుచున్న మన తెలుగు తల్లిదండ్రులును బేరెట్ కథను తమ కథగా చదువుదురు గాక.