రోహిణి ఎండలో చౌడు, మృగశిర చినుకులో మిద్దె

అనంతపురం, కర్నూలు, కడప వైపు పల్లెల్లో ఇంకా నిలిచి ఉన్న చౌడు మిద్దెలకు వానాకాలం పని మే నెలలోనే మొదలవుతుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అయినా ఆ పనికి అదే సమయం. చేతి నేర్పు ఎంత ఉన్నా, కార్తె తప్పి చేస్తే ఈ పని నిలవదు. మన పల్లె పనివాళ్ల తెలివిని గురించి చెప్పుకోవాలంటే నేను ముందుగా చూపించేది ఈ మిద్దె కప్పునే.

ముందు కప్పు కట్టుబడి చూడాలి. మందమైన రాతిగోడలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు. బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల బండ దొరుకుతుంది కాబట్టి దంతెల మీద బండలు పరుస్తారు. దొరకని చోట కట్టెలు పేర్చి ఆకు వేస్తారు. ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. వాననీటికీ కింద పడుకున్న మనుషులకూ మధ్య పెంకు లేదు, సిమెంటు లేదు. ఉన్నదల్లా మట్టే. ఆ మట్టి నీళ్లను ఎలా ఆపుతుందన్నదే ఇందులోని విద్య.

చౌడు నేలను రైతు తిట్టుకుంటాడు. విత్తనం మొలవదు, నీళ్లు ఇంకవు, వాన పడితే మడుగు కట్టి అలాగే నిలుస్తుంది. ఆ మట్టిలో సోడియం ఎక్కువ. ఉప్పు లేని వాననీరు తగలగానే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలి విడిపోతాయి, ఉబ్బుతాయి, మట్టిలోని సన్నటి రంధ్రాలన్నిటినీ పూడ్చేస్తాయి. పై పొర మూసుకున్నాక నీటికి లోపలికి దారి ఉండదు, వాలు చూసుకుని పారిపోవాల్సిందే. పొలాన్ని బాగుచేయడానికి జిప్సం వేసేది కూడా ఇందుకే. దానిలోని కాల్షియం సోడియాన్ని తొలగిస్తే మట్టి మళ్లీ నీళ్లు తాగుతుంది. అంటే పొలానికి ఏది రోగమో, మిద్దెకు అదే రక్ష. ఈ సంగతి పట్టుకున్న మొదటి మనిషి ఎవరో గానీ, వాన తర్వాత చౌడు నేల మీద నిలిచిన నీళ్లను చాలాసేపు చూసి ఉంటాడు.

ఇక కాలం సంగతి. ఎండలు ముదిరేకొద్దీ నేలలోని తేమ పైకి పాకి ఆవిరవుతుంది, తెచ్చిన ఉప్పును పైనే వదిలేస్తుంది. అందుకే వేసవిలో చౌడు నేల తెల్లగా పూస్తుంది. ఒకప్పుడు చాకళ్లు బట్టలు ఉతకడానికి తెచ్చుకున్నదీ ఈ మట్టినే. మిద్దెకు కావాల్సిన సరుకును ఎండే పైకి తెచ్చి పెడుతోందన్నమాట. అప్పుడు మట్టి పొడిగా ఉంటుంది, తవ్వడం తేలిక, మోయడానికి బరువు తక్కువ. పొలం పనులు లేవు కాబట్టి మనుషులకూ ఎద్దుల బండికీ తీరిక. ఇన్నీ కలిసొచ్చేది కృత్తిక కార్తె చివర నుంచి రోహిణి కార్తె ముగిసేలోపు, అంటే మే మూడో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా. ఆ తర్వాత వచ్చేది మృగశిర.

మంచి పనివాడు మిద్దె ఎక్కగానే చౌడు గంప ముట్టడు. ముందు దోనె దగ్గర కూర్చుంటాడు. నీళ్లు బయటికి పోయే ఆ దారిలో కొట్టుకొచ్చిన మట్టీ ఆకులూ తీసి, దాని అంచు చుట్టూ వేలితో నొక్కి చూస్తాడు. దోనె పూడితే ఎంత చౌడు వేసినా వృథానే. తర్వాత గవాక్షి. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం కప్పులో వదిలిన రంధ్రం అది. దాని చుట్టూ కట్ట ఎత్తుగా ఉండాలి. ఆ తర్వాత పిట్టగోడ మొదలు. గోడా మట్టీ కలిసే చోట వేసవిలో సన్నగా నెర్రె విడుతుంది, ఎలుకలూ చీమలూ అక్కడే దారి చేసుకుంటాయి. నిరుటి గడ్డిని పైపైన కోయకుండా వేళ్లతో సహా పీకుతాడు. వేరు ఎండి కుళ్లితే ఆ సందులోంచే నీళ్లు దిగుతాయి మరి.

అప్పుడు పాత మట్టిని గీకుతాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఘట్టమే. కొత్తది వేయడం కంటికి కనిపిస్తుంది, పాతది దించడం ఎవరికీ కనిపించదు. ఏడాదికి సెంటీమీటరు చొప్పున పదేళ్లు పైపైన వేసుకుంటూ పోతే, 12 చదరపు మీటర్ల గది మీద దాదాపు 2 టన్నుల అదనపు బరువు చేరుతుంది. అది పొడి మట్టి లెక్క. వానకు నానితే ఇంకా పెరుగుతుంది. దూలాలు మాత్రం తాతల నాటివే. ముసురు పట్టిన రోజుల్లో మిద్దెలు కూలడానికి ఈ బరువు ఒక ముఖ్య కారణం. కాబట్టి వేసేంత మట్టిని ముందు దించినవాడే పని తెలిసినవాడు.

చౌడును తడిపి మెత్తరు. తడి మట్టి రోహిణి ఎండకు బీటలు తీస్తుంది. పొడిగానే చల్లి, గడ్డలు చిదిపి, దోనె వైపు వాలు చూసుకుంటూ సర్ది, దిమ్మిసతో మెల్లగా అణుస్తారు. అంతటితో సగం పనే అయింది. మిగతా సగం మృగశిర తొలి చినుకుది. ఆ జల్లుకు పై పొర తడిసి, రేణువులు విడి, పొర మూసుకుంటుంది. జల్లు వెలిశాక ఒకసారి పైకెక్కి, కుంగినచోట కాస్త చౌడు చల్లి అదిమితే మిద్దె సిద్ధం. పని ముగించే భారాన్ని వాన మీదే పెట్టి, అందుకు తగ్గట్టు అంతా సిద్ధం చేసి దిగిపోయే ఈ నమ్మకం ఊరికే వచ్చింది కాదు.

అక్కడితో ఆగకూడదు. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. ఎక్కువ వాన జూన్‌లో పడదు, సెప్టెంబరులో పడుతుంది. మధ్యలో వారాల తరబడి చినుకుండదు, మిద్దె మళ్లీ ఎండి నెర్రెలిస్తుంది, తొలి వానకు మొలిచిన గడ్డి వేళ్లూనుతుంది. అందుకని మఖ కార్తెలో, అంటే ఆగస్టు చివర్లో, మరోసారి పైకెక్కడం అవసరం. జూన్‌లో బాగా చేసి ఆగస్టులో మరిచిపోయిన మిద్దెలే ఎక్కువగా కారతాయి.

కారినప్పుడు చేసే పని ఇద్దరిది. ఇంట్లో బొట్టు పడిన చోటికి సరిగ్గా పైనే రంధ్రం ఉంటుందని లేదు, నీరు బండల సందుల వెంట పాకి ఎక్కడో దిగుతుంది. కింద కూతురు కట్టెతో కప్పును తడుతూ, “నాయినా, దూలానికి ఇవతల, ఇంగొంచెం దోనె పక్కకు!” అని అరుస్తుంది. పైన తండ్రి ఆ చప్పుడు పట్టుకుని, వాలులో కొంచెం ఎగువకు వెతికి, పొడి చౌడు దోసెడు వేసి కాలితో తొక్కుతాడు. అందుకే ఇంట్లో ఒక మూల పొడి చౌడు ఎప్పుడూ దాచి ఉంచుతారు.

ఈ కప్పుకు హద్దు ఉంది. ఒక జల్లు, ఒక ఎండ ఉండే సీమకు పుట్టిన విద్య ఇది. 2021 నవంబరులో కురిసినట్టు రోజుల తరబడి కురిస్తే ఎంత బాగా చేసిన చౌడయినా నానుతుంది. అలాంటి రోజుల్లో దూలం వంగినా, గోడ ఉబ్బినా ఆ ఇంట్లో పడుకోకూడదు.

మీ ఊళ్లో ఇలాంటి మిద్దె ఉంటే, దాని మీద సిమెంటు పూత పోయించే ముందు ఒక్కసారి ఆలోచించండి. కింద మట్టి కదిలితే పూత పగులుతుంది, పగులులో దిగిన నీరు ఆరే దారి లేక లోపలే ఉండిపోతుంది. చౌడు కొనాలనుకుంటే చిన్న గడ్డను గాజు గ్లాసులోని వాననీటిలో వేసి కదపకుండా చూడండి. చుట్టూ పాలలా మబ్బు కమ్మి, అది తేరుకోకపోతే ఆ మట్టి మిద్దెకు పనికొస్తుంది. ఈ పని తెలిసిన పెద్దలు ఊరికి ఒకరిద్దరు ఉంటారు. వచ్చే రోహిణిలో వాళ్లను మిద్దె ఎక్కించండి, కుర్రవాళ్లను పక్కన నిలబెట్టండి. కొత్త చౌడు ఎక్కించే ముందు పాత మట్టి దించమనండి.