మందపాటి సీసా, మరిగే నీళ్లు

జనవరి చలిలో, ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని నా అద్దెగదిలో, అమ్మ ఆవకాయ పెట్టి పంపిన సీసా ఖాళీ అయింది. జిడ్డు వదలాలని కెటిల్‌లో మరిగిన నీళ్లు పోశాను. టప్పుమని అడుగు ఊడిపోయింది. అంత మందపాటి సీసా ఎలా పగిలిందా అని చాలాసేపు ఆలోచించాను.

ఆ మందమే దాన్ని పగలగొట్టింది. గాజులో వేడి నిదానంగా పాకుతుంది. లోపలి వైపు వేడెక్కి సాగుతుంటే బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకు చీలిపోతుంది. పల్చని గ్లాసు ఈ దెబ్బకు మేలు. మా వీధి చాయ్‌వాలా గ్లాసును వేడినీళ్లతో కడిగాకే చాయ్ పోస్తాడు. ఆ అలవాటు విలువ నాకు ఆ రోజు తెలిసింది.

మందమే కాదు, గాజు ఏ రకమన్నదీ లెక్కే. మనం రోజూ వాడే గాజు రకాలన్నిటికీ తల్లి సిలికాయే. మన పలుగురాయి అదే, గూడూరు దగ్గర చిల్లకూరు, కోట ప్రాంతాల్లో తవ్వే తెల్ల ఇసుకా అదే. ఒట్టి సిలికా కరగాలంటే దాదాపు 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా కలిపితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది గానీ, ఆ గాజు నీటికి నిలవదు. నిలబెట్టేది సున్నం. సీసాలు, కిటికీ అద్దాలు, ఫిరోజాబాద్ చేతి గాజులు అన్నీ ఈ రకమే. చవక, కానీ వేడికి బాగా సాగుతుంది.

1880లలో జర్మనీలోని యేనాలో ఓటో షాట్ బోరాన్ ఆక్సైడ్ కలిపి బోరోసిలికేట్ గాజు చేశాడు. అది సాగేది మామూలు గాజులో మూడో వంతే. ల్యాబ్ బీకర్లు అందుకే దానితో చేస్తారు. ఏమీ కలపని సిలికా గాజు ఇంకా గట్టిపిండం: ఎర్రగా కాల్చి చన్నీళ్లలో ముంచినా చెక్కుచెదరదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గాజు అదే.

రీడింగ్ రూమ్ తలుపుకుండే టఫెన్డ్ గ్లాసు వేరే పదార్థమనుకుంటారు చాలామంది. కాదు, అదీ సోడా, సున్నం గాజే. 600 డిగ్రీలు దాటేలా కాచి, గాలి కొట్టి చప్పున చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, తర్వాత చల్లారే లోపలి భాగం దాన్ని బిగించి పట్టుకుంటుంది. అందుకే దెబ్బకు ఓర్చుకుంటుంది, పగిలినా కత్తుల్లాంటి పెచ్చులుగా కాక చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది.

ఈ చలికి ఇక్కడికి కొత్తగా వచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటి సీసాలో ముందు గోరువెచ్చని నీళ్లు పోయండి, వేడివి ఆ తర్వాతే. బోరోసిలికేట్ గిన్నె పగిలితే ముక్కల్ని మామూలు గాజుతో కలిపి కబాడీకి వేయకండి. సీసాలు కరిగించే కొలిమిలో అవి సరిగా కరగవు.