ఎవరి కోసం రాసిన మొదటి పాఠం?

మరైన్ హావర్‌బేకె రాసిన 'ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్' పుస్తకాన్ని ఇన్నేళ్ళలో ఎంతమందికి సిఫారసు చేశానో నాకే లెక్క లేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వద్దామనుకున్న స్నేహితులకి, అడిగినవాళ్ళకి, అడగనివాళ్ళకి కూడా. పోయిన వేసవిలో మా వదినకి చెప్పాను. ఆవిడ నాలుగో అధ్యాయంలో ఆపేశారు. "నా బుర్రకి ఎక్కేది కాదులే" అన్నారు. అప్పటినుంచీ ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఆవిడ కళ్ళతో, చదవడానికి ప్రయత్నిస్తున్నాను. ఈ వ్యాసం అలా పుట్టింది.

వదిన తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచరు. ఆవిడకి ఉద్యోగం మారాలని లేదు. పద్యపాదం ఒకటి పెట్టెలో టైపు చేస్తే గురులఘువులు గుర్తించి చూపించే చిన్న వెబ్ పేజీ కావాలి. పిల్లలు ఇంటి దగ్గర సరిచూసుకోడానికి. అది తనే చేసుకోవాలని పట్టుదల.

ముందు పుస్తకం గురించి న్యాయంగా చెప్పాలి. ఇది 2007లో మొదట ఇంటర్నెట్‌లో వచ్చింది, 2011లో అచ్చయింది, ఆ తర్వాత మూడుసార్లు తిరగరాయబడింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పేజీలో ఉన్న ఉదాహరణని అక్కడికక్కడే మార్చి నడిపి చూడొచ్చు. ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో మామూలుగా కనిపించే వంటల పుస్తకం ధోరణి (ఇది వేయి, అది కలుపు, దించేయి) ఇందులో లేదు. విలువ అంటే ఏమిటి, పేరు అంటే ఏమిటి, ఫంక్షన్ అంటే ఏమిటి అని నింపాదిగా ఆలోచింపజేస్తాడు. వచనం శుభ్రంగా ఉంటుంది. నాకు నచ్చింది అందుకే.

మరి నాలుగో అధ్యాయంలో ఏముంది? అక్కడ ఆబ్జెక్టులు, అరేలు నేర్పడానికి ఒక కథ చెప్తాడు. ఒకడు అప్పుడప్పుడూ రాత్రిపూట ఉడుతగా మారిపోతుంటాడు. ఎందుకు మారుతున్నాడో కనుక్కోడానికి రోజూ ఏం తిన్నాడో, ఏం చేశాడో రాసిపెట్టుకుంటాడు. ఆ చిట్టా నుంచి, ఏ పనికీ ఉడుతతనానికీ ఎంత సంబంధముందో ఫై కోఎఫిషెంట్ అనే గణాంక సూత్రంతో లెక్కగడతాం. కథ సరదాగా ఉంది. కానీ అరే అనే మాట అప్పుడే విన్న మనిషికి, వర్గమూలం కింద నాలుగు మొత్తాల గుణకారం ఉన్న సూత్రం కూడా అదే అధ్యాయంలో ఎదురవుతుంది. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి అప్పట్లో ఆ సూత్రాన్ని చూసీచూడనట్టు దాటేశాను. వదిన దాటలేదు. అర్థం కానిదాన్ని దాటేయడం ఆవిడకి అలవాటు లేదు. "ఉడుత గోల నాకెందుకయ్యా, నా పేజీ ఎప్పుడొస్తుంది?" అని అడిగారు.

పేజీ ఎప్పుడొస్తుంది? ఈ ప్రశ్నతో విషయసూచిక మళ్ళీ చూశాను. నా దగ్గరున్న మూడో ముద్రణలో బ్రౌజర్ మాట పదమూడో అధ్యాయంలో మొదలవుతుంది. పేజీలోని భాగాలను పట్టుకోవడం పద్నాలుగులో, మీట నొక్కితే స్పందించడం పదిహేనులో, టైపు చేసే పెట్టెలు పద్దెనిమిదిలో. వెబ్ పేజీల కోసమే పుట్టిన భాషని నేర్పుతూ పన్నెండు అధ్యాయాల పాటు పేజీని పక్కన పెట్టడం ఒక నిర్ణయం. ముందు భాష, తర్వాత దాని వాడకం అని. సిద్ధాంతంగా తప్పు పట్టలేం. కానీ ఆ క్రమం ఎవరికి పనికొస్తుంది? ఎటూ చివరిదాకా చదివేవాళ్ళకి.

దీనివల్ల జరిగే నష్టం ఒకటి చూపిస్తాను. వదిన ఓపిక పట్టలేక పుస్తకం పక్కన పెట్టి, నన్ను ఫోన్లో అడుగుతూ మార్కులు కూడే పేజీ ఒకటి మొదలుపెట్టారు. ఒక పెట్టెలో 45, ఇంకో పెట్టెలో 38. మీట నొక్కితే మొత్తం 4538 వచ్చింది. పెట్టెలోంచి వచ్చేది ఏదైనా జావాస్క్రిప్ట్ దృష్టిలో అక్షరాల వరసే, సంఖ్య కాదు. ప్లస్ గుర్తు రెండు అక్షరాల వరసలను పక్కపక్కన అతికిస్తుంది. ఇంకా చిత్రం, మైనస్ పెడితే 7 అని సరిగ్గా చెప్తుంది, ఎందుకంటే తీసివేతకి సంఖ్యలే కావాలి కాబట్టి తనే మార్చుకుంటుంది. హావర్‌బేకె ఈ సంగతి చెప్పలేదా అంటే, మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. కానీ పెట్టె పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. హెచ్చరికకీ అవసరానికీ మధ్య పదహారు అధ్యాయాల దూరం.

జావాస్క్రిప్ట్ నేర్చుకోవడంలో అసలు కష్టం ఇదే అని ఇప్పుడనిపిస్తోంది. వ్యాకరణం కష్టం కాదు. ఈ భాష తప్పుని చాలాసార్లు తప్పు అనదు. 4538 అని ధీమాగా చూపిస్తుంది. [10, 9, 1] అనే జాబితాని సార్ట్ చేయమంటే 1, 10, 9 అని పేరుస్తుంది, సంఖ్యలను కూడా అక్షరక్రమంలో పోల్చడం దాని మామూలు పద్ధతి. పేజీలో రాత మార్చాల్సిన 'టెక్స్ట్ కంటెంట్'లో రెండో మాట పెద్దక్షరంతో మొదలవకపోతే, ఆ పేరుతో కొత్త గుణం ఒకటి పుట్టించి ఊరుకుంటుంది. పేజీ మారదు, ఎర్ర గీత కనిపించదు. అనుభవం ఉన్నవాళ్ళు కన్సోల్ తెరుస్తారు. కొత్తవాళ్ళు తమ బుర్రని అనుమానిస్తారు.

దీనికి చరిత్ర ఉంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఈ భాష తొలి రూపాన్ని తయారుచేశాడు. పెద్ద పనులకి జావా, పేజీలో చిన్నచిన్న పనులు చేసుకునే డిజైనర్లకీ, వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కానివాళ్ళకీ ఇది, అనేది సంస్థ ఆలోచన. తర్వాత దిద్దుదామంటే, అప్పటికే రాసి ఉన్న పేజీలు పాడవుతాయి కాబట్టి చాలా లోపాలు అలాగే మిగిలిపోయాయి. అంటే ఈ భాష పుట్టిందే మా వదినలాంటివాళ్ళ కోసం. దాని గురించి వచ్చిన మంచి పుస్తకాలు మాత్రం నాలాంటివాళ్ళ కోసం.

ఇంకో ప్రసిద్ధ పుస్తకం, డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2008లో రాసిన 'జావాస్క్రిప్ట్: ద గుడ్ పార్ట్స్' ఇందుకు మరీ పెద్ద ఉదాహరణ. రెండు వందల పేజీలు కూడా లేని ఆ పుస్తకం భాషలో మంచి భాగాన్ని ఏరి చూపించి, చెడ్డవాటినీ ఘోరమైనవాటినీ అనుబంధాల్లోకి నెట్టింది. విమర్శగా గొప్ప పని. ఒక భాషని ఇలా సాహిత్య విమర్శకుడిలా తూర్పారబట్టొచ్చని నాకు తెలిసింది దాంతోనే. కానీ మొదలుపెట్టేవాడు ముందు పడేది ఆ అనుబంధాల్లోని గుంటల్లోనే. హావర్‌బేకె పుస్తకం దీనికన్నా ఎంతో దయగలది. అయినా రెంటికీ ఊహలో ఉన్న పాఠకుడు ఒకడే: తికమక పడినప్పుడు సరదా పడేవాడు.

వదిన పేజీకి వస్తాను. మార్కుల తర్వాత పద్యం మొదలైంది. మొదటి రోజే ఫోను: "తెలుగు అనే మాటలో అక్షరాలెన్ని అంటే 6 అంటోందే!" లెంగ్త్ అడిగితే అంతే వస్తుంది మరి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు కూడా విడిగా ఒక సంకేతం. 'పద్యం' అంటే 5: ప, ద, పొల్లు గుర్తు, య, సున్నా. హావర్‌బేకె అయిదో అధ్యాయంలో అక్షరాల లెక్క గురించి మాట్లాడతాడు, ఒక్క గుర్రం ఎమోజీ రెండుగా లెక్కకొస్తుందని చూపిస్తాడు. మనకి గుర్రం దాకా అక్కర్లేదు, గుణింతం చాలు.

ఇక్కడ బల్ల తిరగబడింది. నేను బ్రౌజర్లో ఉన్న సెగ్మెంటర్ సదుపాయం గురించి చెప్పబోయాను. సంయుక్తాక్షరాల దగ్గర అది బ్రౌజర్‌ని బట్టి వేరువేరుగా విడగొడుతుంది. ఆవిడ వినలేదు. కాగితం మీద నియమాలు రాసి ఫొటో పంపారు. హల్లు తర్వాత పొల్లు గుర్తుండి, దాని వెనక ఇంకో హల్లుంటే అదీ ఈ అక్షరంలోదే. గుణింతం వస్తే కలుపుకో. సున్నా, విసర్గ వస్తే కలుపుకో, గురువని రాసుకో. దీర్ఘమైతే గురువు. తర్వాతి అక్షరం సంయుక్తమో ద్విత్వమో అయితే ఇది గురువు. ఇవేవీ కాకపోతే లఘువు. నేను చూసింది ఛందస్సు కాదు, ఇఫ్ ఎల్స్ వరస. 'పద్యం'లో 'ప' సంగతి తేల్చాలంటే ముందున్న 'ద్యం' చూసి రావాలి, అంటే లూపులో ఒకడుగు ముందుకి తొంగిచూడాలి. ఈ పని ఆవిడ ఇరవయ్యేళ్ళుగా నల్లబల్ల మీద చేస్తున్నారు. బుర్రకి ఎక్కకపోవడం అనే ప్రశ్నే లేదు. ఎక్కనిది ఉడుత.

నా సిఫారసుని వెనక్కి తీసుకోవడం లేదు, మారుస్తున్నాను. మొదటి మూడు అధ్యాయాలు చదవండి. అక్కడినుంచి పదమూడు, పద్నాలుగు, పదిహేనులోకి దూకండి, పద్దెనిమిదిలో పెట్టెల గురించి ఉన్నంతవరకు చదవండి. మీకు బాగా తెలిసిన విషయం మీద, అది వంటైనా చిట్టీల లెక్కైనా, పేజీ ఒకటి కట్టండి. అది తప్పు చూపించినప్పుడు కన్సోల్ తెరవండి. తర్వాత నాలుగుకి, అయిదుకి వెనక్కి రండి. ఉడుత అప్పుడు బాగుంటుంది. ఒక ప్రవేశగ్రంథం బాగుందో లేదో ప్రవేశం ఎప్పుడో అయిపోయిన నాలాంటివాడు చెప్తే, సగమే నమ్మండి.

వదిన పేజీ ఇప్పుడు నడుస్తోంది. ఒక చిక్కు మాత్రం మిగిలింది. రెండో మాట సంయుక్తాక్షరంతో మొదలైతే, మొదటి మాట చివరి అక్షరం సమాసంలో గురువవుతుంది, విడి మాటలైతే కాదు. "సమాసమో కాదో నీ కంప్యూటరుకేం తెలుసు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు చూస్తే పెట్టె పైన ఒక వాక్యం చేరింది: సమాసమైతే కలిపి రాయండి, కాకపోతే ఖాళీ వదలండి.